మిల్లు ఇంట దంపుడు బియ్యం

సీతారావమ్మ మనవడు పోయిన రోజు జగ్గయ్యపేటలో ఎండ మండిపోతోంది. పిల్లవాడికి రెండు నెలల ఇరవై రోజులు. పుట్టినప్పుడు బొద్దుగా, చూసినవాళ్ళు దిష్టి తగులుతుందని భయపడేంత బాగున్నాడు. చివరి రెండు రోజులూ పాలు కక్కాడు, ముఖం కాస్త ఉబ్బింది. ఆ మధ్యాహ్నం నోరంతా తెరిచి, ముఖం ఎర్రగా చేసుకుని ఏడుస్తున్నాడు గాని గొంతులోంచి చప్పుడు రావడం లేదు. గుమ్మం అవతల కూర్చున్నవాళ్ళకి బిడ్డ ఏడుస్తున్న సంగతే తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్న సీతారావమ్మకి మాత్రం ఆ చిన్న పొట్ట ఎగసి ఎగసి పడటం చేతికి తెలుస్తోంది. వైద్యుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి అది కూడా ఆగిపోయింది.

అది 1948 వేసవి. అంతకు రెండేళ్ళ ముందు మొదటి మనవరాలు కూడా మూడో నెల నిండకుండానే, ఇలాగే గొంతు పోయి, ఇలాగే గంటల్లో చనిపోయింది. మంత్రసాని రత్తమ్మ రెండుసార్లూ పక్షి నీడ పడి తగిలిన పక్షిదోషమనే అంది. తాయెత్తులు కట్టించారు, వేదాద్రి వెళ్ళి మొక్కుకున్నారు. చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ వసారాలో కూర్చుని, "ఆ పిల్ల పాలే బిడ్డలకి పడట్లేదేమో" అంది. కోడలు జ్ఞానప్రసూనాంబ తలుపు చాటున ఉండి ఆ మాట విన్నది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. ఆ తర్వాత నెల రోజులు ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

సీతారావమ్మ భర్త దశరథరామయ్యది పేరున్న బియ్యం మిల్లు. చిల్లకల్లు వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఆయిలింజను, వడ్లు పట్టే రెండు హల్లర్లు. మునేటి ఒడ్డు ఊళ్ళ నుంచీ కింద డెల్టా నుంచీ ధాన్యం బళ్ళు వచ్చేవి. యుద్ధం రోజుల్లో బియ్యాన్ని మరీ తెల్లగా పట్టకూడదని ఆంక్షలుండేవి. రేషన్లో ఇచ్చే ముతక బియ్యాన్ని జనం తిట్టుకుంటూ తిన్నారు. కంట్రోలు సడలగానే ఆ కసి అంతా తీర్చుకోవాలన్నట్టు తెల్లటి బియ్యం కోసం ఎగబడ్డారు. దశరథరామయ్య రెండోసారి, మూడోసారి పాలిష్ పట్టించి మల్లెమొగ్గల్లాంటి బియ్యం బస్తాలకెత్తేవాడు. ఆయన ఇంట్లో మాత్రం కంట్రోలు ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఆ బియ్యమే.

సీతారావమ్మ పుట్టింది జి.కొండూరు దగ్గర ఒక మెట్ట పల్లెలో. తండ్రిది చిల్లర కొట్టు. ఇంట్లో జొన్నన్నం, సజ్జ సంకటి. వరి అన్నం పండగలకే, అదీ దంపిన బియ్యంతో. పన్నెండో ఏట కాపురానికి వచ్చి, పదిహేనేళ్ళకు పైగా అత్తగారి పక్కన నిలబడి రోకలి వేసింది. అరచేతుల్లో కాయలు కాసి, అవి పగిలి, మళ్ళీ కాసేవి. మిల్లు పెట్టిన రోజున అత్తగారు రోలు గోడవార బోర్లించి, "ఇక నీ రెక్కలకి సెలవే అమ్మాయ్" అంది. సీతారావమ్మ ఎంతో సంతోషపడింది. మిల్లుని ఆమె ఎప్పుడూ పరాయిదనుకోలేదు. దాని వల్లే నడుము నెప్పి లేకుండా నిద్రపోయే రాత్రులు వచ్చాయి.

మరుసటి ఏడు ప్రసూనకి మళ్ళీ నెల తప్పింది. ఆరో నెల వచ్చేసరికి కాళ్ళు ఉబ్బాయి. పాదాలు తిమ్మిరెక్కి, మెట్టు మీద అడుగు వేస్తే వేసినట్టు తెలియడం లేదంది. ఒకరోజు బావి దగ్గర కూలబడిపోయింది. ఊళ్ళో వైద్యుడు కషాయం ఇచ్చాడు. వారం తాగినా ఏమీ కాలేదు.

ఆ రోజుల్లో మిల్లులో చెరిగే పనికి రాఘవమ్మ అనే ఆవిడ వచ్చేది. రజాకార్ల గొడవల్లో నైజాం ఇలాకా నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్ళలో ఆమె ఒకతె. తిరిగి వెళ్ళేందుకు అక్కడ ఇల్లు మిగల్లేదు, పాలేటి ఒడ్డున గుడిసె వేసుకుని ఉండిపోయింది. ఆమె చెప్పింది. "నందిగామల ఆశీర్వాదం డాక్టరని ఉన్నడమ్మా. మేమంత వచ్చినప్పుడు సూదులు ఏసిండు. గట్టిగ మాట్లాడడు, మంచిగ చూస్తడు. చిన్నమ్మను ఆడికి తీస్కపో."

ప్రసూన పుట్టిల్లు నందిగామే. తండ్రి కనకయ్యకి అక్కడ బట్టల కొట్టు. కోడల్ని పుట్టింటివాళ్ళకి చూపించి వస్తానని ఇంట్లో చెప్పి సీతారావమ్మ బస్సెక్కింది. దిగాక బట్టల బజారు వైపు వెళ్ళకుండా ముందు డాక్టరు దగ్గరికి నడిపించింది.

ఆశీర్వాదం యాభై ఏళ్ళ సన్నటి మనిషి. ప్రసూన కాలి మీద వేలితో నొక్కి చూశాడు. పడ్డ గుంట పడ్డట్టే ఉంది. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. కాలు కదల్లేదు. ఆయన సుత్తి బల్ల మీద పెట్టి అడిగాడు.

"ఇంతకుముందు పుట్టిన బిడ్డలున్నారా అమ్మా?"

"ఇద్దరు. ఇద్దరూ పోయారండి."

"మూడో నెలలోనా? చివర్లో గొంతు పోయిందా?"

సీతారావమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆ సంగతి ఆమె ఇంకా చెప్పనే లేదు.

"మీకెట్లా తెలుసండీ?"

ఆయన ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా, ఇంట్లో ఏం బియ్యం తింటారని అడిగాడు. మా మిల్లు బియ్యమేనని చెప్పింది. ఎన్నిసార్లు కడుగుతారన్నాడు. మూడుసార్లు. వారుస్తారా? వారుస్తాం, గంజి గేదెకి పోస్తాం. తవుడు? అదీ గేదెకే. బాలింతకి ఏం పెట్టారు? పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు, కూర? నెల దాటేదాకా పెట్టం, పథ్యం కదండీ.

డాక్టరు బల్ల మీది సుత్తి తీసి సొరుగులో పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వడ్ల మీద ఊక పోయాక గింజ మీద ఎర్రటి పొర ఒకటి ఉంటుంది. మనిషి నరాలకీ గుండెకీ కావలసిన సత్తువ ఒకటి ఆ పొరలో ఉంది. రోట్లో దంపితే ఆ పొర కొంతైనా మిగులుతుంది. మిల్లులో రెండు మూడుసార్లు పడితే మొత్తం తవుట్లో పోతుంది. మిగిలిన కాస్తా కడుగులోనూ గంజిలోనూ పోతుంది. తల్లికి తిమ్మిర్లు వస్తాయి. ఆ తల్లి పాలలో సత్తువ ఉండదు గనక బిడ్డ చూడటానికి బొద్దుగా ఉండి, మూడో నెలలో హఠాత్తుగా పోతుంది.

"మా రాఘవమ్మావాళ్ళు జొన్నలే తింటారండి. వాళ్ళ పిల్లలు మాత్రం పోవడం లేదా?"

"పోతున్నారమ్మా. విరేచనాలతో పోతారు, జ్వరాలతో పోతారు. ఇట్లా గొంతు పోయి చచ్చిపోయిన బిడ్డని నేను ఆ గుడిసెల్లో చూడలేదు. మేడల్లో చూశా. దంపుడు బియ్యం అన్ని రోగాలకీ మందని నేననడం లేదు. దాంతో పాటు పప్పు తినాలి, ఆకుకూర తినాలి. కానీ మీ కోడలికి వచ్చింది మాత్రం ఈ తెల్ల బియ్యం జబ్బే. పేరు బెరిబెరి."

ప్రసూనకి ఇంజక్షన్ ఇచ్చి, వారానికొకటి చొప్పున మరి రెండు తీసుకోమన్నాడు. "ఇది కాళ్ళ మీద నిలబెడుతుంది. అంతే. రోజూ తినే అన్నం మారకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ సీతారావమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెకి నలుగురు పిల్లలు పుట్టారు. ముగ్గురు రోలు వాడిన రోజుల్లో పుట్టారు, ముగ్గురూ బతికారు. మిల్లు పెట్టిన మరుసటి ఏడు పుట్టిన ఆఖరి ఆడపిల్ల మూడో నెలలో పోయింది. ఆ పిల్ల చివరి రోజున పిల్లికూనలా కీచుగా మూలిగి, తర్వాత ఆ మూలుగు కూడా లేకుండా నోరు తెరిచింది. పద్దెనిమిదేళ్ళుగా అది తన ఖర్మ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఖర్మ అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఇంటికి రాగానే భర్తకి చెప్పింది. దశరథరామయ్య భోజనం ముగించి చేయి కడుక్కునేదాకా మాట్లాడలేదు.

"మిల్లాయన ఇంట్లో రోకటి పోటు వినపడితే బజార్లో నేనేం చెప్పను?" అన్నాడు.

"కోడలికి ఒంట్లో బాగోలేదు, డాక్టరు చెప్పాడని చెప్పండి."

"ఏం చెప్పాడని? ఈయన మిల్లు బియ్యం తింటే పిల్లలు పోతారని చెప్పాడనా? ఈ ఊరు మొత్తం అవే తింటోంది. అందరి పిల్లలూ పోయారా?"

"ఎంతమంది పోయారో మీరు లెక్కెట్టారా?"

ఆయన ముఖం మారిపోయింది. తండ్రి నోరు చేసుకోకముందే కొడుకు, ప్రసూన మొగుడు సుబ్బరాయుడు మధ్యలోకి వచ్చాడు. "అమ్మా, దంపుడు బియ్యం నెల తిరక్కుండా పురుగు పడతాయి. కంట్రోల్లో ఆ ముతక బియ్యం తిని ఎంతమందికి కడుపులు చెడ్డాయో నువ్వే చూశావు. ఆ డాక్టరు పుస్తకంలో చదివింది చెప్పాడు. మనకి పడాలి కదా."

పురుగు పట్టే మాట నిజమే. కడుపులు చెడిన మాట కూడా అబద్ధం కాదు. సీతారావమ్మకి కోపం తెప్పించింది ఆ మాటలు కాదు. చచ్చిపోయిన ఇద్దరు పిల్లల తండ్రి, ఇంకో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, పురుగు గురించి మాట్లాడగలగడం. ఆమె విస్తరి తీసింది.

మర్నాడు రాఘవమ్మని పిలిచి, మిల్లులోంచి రెండు కుంచాల వడ్లు ఇప్పించింది. అక్కుళ్ళు, మంచి రకం. రాఘవమ్మ గుడిసె దగ్గర రోలుంది. అక్కడ దంచి, గంపలో అడుగున బియ్యం పోసి, పైన గేదె కోసమన్నట్టు తవుడు పరిచి, దొడ్డిదారిన తెచ్చేది. సొంత మిల్లు ఉండి, సొంత వడ్లు ఉండి, సొంత కోడలికి అన్నం పెట్టడానికి దొంగతనంగా బియ్యం తెప్పించుకోవలసి రావడం చూసి సీతారావమ్మకి తన మీద తనకే రోత పుట్టింది.

అంతా చేస్తే ప్రసూనకి ఆ అన్నం సయించలేదు.

"గొంతు దిగడం లేదత్తయ్యా. గరగరగా ఉంది."

"పెసరపప్పు కలుపుకో. నములు. నెమ్మదిగా అలవాటవుతుంది."

"మీరందరూ తెల్లన్నం తింటూ నాకొక్కదానికే ఈ ఎర్రన్నం పెడితే నాకెట్లా ఉంటుంది?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ పూట నుంచి సీతారావమ్మ కూడా కోడలి పక్కన కూర్చుని అదే అన్నం తిన్నది. చిన్నప్పటి రుచి నాలుక్కి వెంటనే తెలిసింది గాని, పద్దెనిమిదేళ్ళు మెత్తటి అన్నానికి అలవాటైన కడుపు మూడు రోజులు ఉబ్బరంగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నెల గడిచేసరికి ప్రసూన పాదాల్లో తిమ్మిరి తగ్గింది. మెట్లు తనంత తాను ఎక్కి దిగుతోంది. ఇక గట్టెక్కామని సీతారావమ్మ అనుకుంటూ ఉండగా, నందిగామ నుంచి ప్రసూన మేనత్త చూడటానికి వచ్చి ఒక పూట భోజనం చేసి వెళ్ళింది.

నాలుగో రోజున కనకయ్య బస్సు దిగి వచ్చాడు. కండువా తీసి పక్కన పెట్టకుండానే మాట్లాడాడు.

"చెల్లెమ్మగారూ, మా పిల్ల మీకు బరువైతే మాతో చెప్పండి. తీసుకెళ్తాం. అంతేగాని బియ్యం మిల్లున్న ఇంట్లో, కడుపుతో ఉన్న పిల్లకి పనివాళ్ళు తినే బియ్యం వండి పెడుతున్నారని నలుగురూ అనుకుంటుంటే నేను కొట్లో తలెత్తుకోలేకపోతున్నాను."

సీతారావమ్మ భర్త వైపు చూసింది. దశరథరామయ్య అక్కడే ఉన్నాడు. ఆ దంపుడు బియ్యం సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. డాక్టరు చెప్పాడు బావగారూ, అంటే చాలు. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, అదే అన్నం నేనూ తింటున్నా" అంది చివరికి. "మీ ఊరి డాక్టరే చెప్పాడు. పదండి, ఆయన్నే అడుగుదాం."

"నాకు డాక్టర్లతో పని లేదమ్మా. పురుడు మా ఇంట్లో పోస్తాం. మా పిల్లకి ఏం పెట్టాలో మాకు తెలుసు."

సుబ్బరాయుడు కూడా అదే మంచిదన్నాడు. ప్రసూన పెట్టె సర్దుకుంటూ ఏడ్చింది గాని, వెళ్ళనని మాత్రం అనలేదు. పుట్టింటికి వెళ్ళనని ఏ ఆడపిల్ల అంటుంది?

ఆ తర్వాత రెండు నెలలూ సీతారావమ్మ పది రోజులకోసారి బస్సులో నందిగామ వెళ్ళింది. వియ్యాలవారింటికి అన్నిసార్లు వెళ్ళడం బాగోదని తెలుసు. చుట్టాలు చెవులు కొరుక్కుంటారని తెలుసు. చేతిలో దంపుడు బియ్యం మూట ఉండేది. కనకయ్య భార్య మర్యాదగా మూట అందుకునేది, మంచినీళ్ళిచ్చేది, అలాగే వండుతున్నామని చెప్పేది. నాలుగోసారి వెళ్ళినప్పుడు సీతారావమ్మ కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళింది. గోడపక్కన కట్టేసిన ఆవు కుడితి తొట్టి చూసింది. తొట్టిలో ఉడికీ ఉడకని ఎర్రటి బియ్యం తేలుతున్నాయి.

ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ఒక్కొక్క మూట వెనుక రాఘవమ్మ రెక్కల కష్టముంది. తన మొగుడితో పడ్డ మాటలున్నాయి. లోపలికి వెళ్ళి అరవాలనిపించింది. కానీ గదిలో నిండు నెలల పిల్ల పడుకుని ఉంది. అరిస్తే ఇక ఈ గుమ్మం తొక్కనివ్వరు. తొక్కనివ్వకపోతే బిడ్డ పుట్టాక చూసే కళ్ళుండవు. ఆమె కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు తాగింది. వచ్చేటప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది.

"రెండో నెల నిండాక బిడ్డ పాలు కక్కినా, గొంతు బొంగురు పోయినా ఒక్క గంట కూడా ఆగొద్దు. తీసుకొచ్చెయ్యండి" అన్నాడాయన.

ఆడపిల్ల పుట్టింది. నెల రోజుల పథ్యం తెల్లన్నంతోనే జరిగింది. రెండు నెలలు నిండిన వారానికి సీతారావమ్మ నందిగామ వెళ్ళేసరికి పిల్ల ప్రసూన ఒళ్ళో ఉంది. ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నాక సీతారావమ్మ చేతిలో మూట కింద పడేసింది. చిరిగిన గుడ్డని ఇంకా చింపుతున్నట్టుంది ఆ చప్పుడు.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

"పొద్దున్నించి. జలుబు చేసిందని మా అమ్మ వాము కట్టింది" అంది ప్రసూన. ఆమెకీ తెలుసు. అంటూనే బిడ్డని అత్తగారి చేతుల్లోకి అందించింది.

కనకయ్య కొట్లో ఉన్నాడు. రాహుకాలం దాటనివ్వమని ఆయన భార్య అడ్డం వచ్చింది. సీతారావమ్మ ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపి, బిడ్డని కొంగులో చుట్టుకుని వీధిలోకి వచ్చేసింది. వెనకాలే ప్రసూన చెప్పుల్లేకుండా నడిచింది. బజారు మధ్యలోంచి, బట్టల కొట్టు ముందు నుంచి, ఇద్దరు ఆడవాళ్ళు పరుగులాంటి నడకతో వెళ్ళడం కనకయ్య చూసి, గజంబద్ద కింద పెట్టి వెంట వచ్చాడు.

డాక్టరు బిడ్డని చూసి ప్రశ్నలడగలేదు. సూది వేశాడు, తల్లికి కూడా వేశాడు. అప్పటికి బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతు మొత్తం పోయింది. సీతారావమ్మ ఆ బల్ల పక్కన కూర్చుని బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉంది. మూడు గంటలు గడిచాయి. పెదాలకి రంగు వచ్చింది. ఇంకో రెండు గంటలకి బిడ్డ నోరు తెరిచి ఏడ్చింది. బొంగురుగా, సన్నగా, అయినా బయట వరండాలో ఉన్నవాళ్ళకి వినపడేలా ఏడ్చింది.

ప్రసూన గోడకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. కనకయ్య డాక్టరు చేతులు పట్టుకుని, "దేవుడివయ్యా" అన్నాడు. ఆ తర్వాత సీతారావమ్మ వైపు తిరిగాడు. తన తప్పు ఒప్పుకుంటాడని, కనీసం ఆ తొట్టి సంగతి ఎత్తుతాడని ఆమె ఎదురు చూసింది.

"సూదిలో ఇంత మహత్తు ఉందని తెలిస్తే మనకి ఇన్ని తిప్పలెందుకు చెల్లెమ్మగారూ?" అన్నాడాయన. "నెలకో సూది వేయిస్తే సరి. ఇక ఆ దంపుడు బియ్యం గొడవ ఉండదు."

సీతారావమ్మకి నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు.

మనవరాలు బతికింది. సుబ్బరాయుడు వేదాద్రి వెళ్ళి మొక్కు చెల్లించి వచ్చాడు. రత్తమ్మ తను కట్టిన తాయెత్తు ఈసారి గట్టిదని పది మందికీ చెప్పుకుంది. దశరథరామయ్య బిడ్డని ఎత్తుకుని తిరిగేవాడు గాని, బియ్యం మాట వచ్చేసరికి లేచి మిల్లుకు పోయేవాడు. ప్రసూన మాత్రం తిరిగి వచ్చిన రోజునే, అత్తగారు అడక్కుండానే, "నాకా ఎర్రన్నమే పెట్టండి" అంది. ఆ ఇంట్లో సీతారావమ్మ గెలిచింది ఆ ఒక్క మాటే.

మూడు ఇళ్ళ అవతల శ్యామలాదేవి అనే అమ్మాయికి కొడుకు పుట్టాడు. పొగాకు వ్యాపారి కోడలు. సీతారావమ్మ వెళ్ళి బిడ్డని చూసి, శ్యామలాదేవి అత్తగారిని పక్కకి పిలిచి అంతా చెప్పింది. పథ్యంలో పప్పు పెట్టమంది, గంజి పారబోయొద్దంది, దంపుడు బియ్యం తనే పంపిస్తానంది. ఆవిడ మర్యాదగా మొత్తం విన్నది. విని అడిగింది.

"మేం తినేది మీ మిల్లు బియ్యమే గదా వదినా. మంచివి కాకపోతే మీరెందుకు అమ్ముతున్నారు?"

సీతారావమ్మ పసుపూ కుంకుమా తీసుకుని వచ్చేసింది.

ఆ పిల్లవాడికి డెబ్భై రోజులప్పుడు గొంతు పోయింది. ఈసారి వాళ్ళు పక్షిదోషమనలేదు. నందిగామలో సూది ఉందని విన్నారు గనక వెంటనే బండి కట్టారు. చిల్లకల్లు రోడ్డు మీద బస్సు కోసం రెండు గంటలు నిలబడ్డారు. బస్సు వచ్చేసరికి ఎక్కించాల్సిన అవసరం లేకపోయింది.

ఆ కబురు విన్న పూట సీతారావమ్మ ఎన్నడూ లేనిది మిల్లుకి నడిచి వెళ్ళింది. ఇంజను ఆడుతోంది. షెడ్డు నిండా తవుడు ధూళి. కూలీలు చూస్తుండగానే భర్త ఎదురుగా నిలబడింది.

"ఆ హల్లరు ఆపించండి."

"ఏంటే నువ్విక్కడ?"

"పొగాకు వాళ్ళ పిల్లాడు పోయాడు. మన పిల్ల కూడా ఇట్లాగే పోయింది, మీకు గుర్తుందా? మిల్లు పెట్టిన మరుసటి ఏడు. మీరే చేతుల్లో మోసుకెళ్ళారు."

దశరథరామయ్య ఆమె వైపు చూడలేదు. ఇంజను చప్పుడులో ఆమె మాటలు వినపడలేదేమోనని కూలీలు అనుకుని ఉంటారు. వినపడ్డాయి. బస్సులో ఆమె ఆ రోజున లెక్క వేసుకున్నట్టే ఆయన కూడా ఎప్పుడో లెక్క వేసుకున్నాడని ఆయన వంచిన మెడ చూస్తే ఆమెకి తెలిసింది.

"నేను ఒక్కణ్ణీ ఆపితే జనం పక్క మిల్లుకి పోతారు" అన్నాడు చివరికి. "వాళ్ళకి తెల్లగా కావాలి. కావాలంటే ఒక హల్లరు మీద ఒకే పట్టు పట్టించి, ఆ బియ్యం విడిగా ఉంచుతా. ఎవరడిగితే వాళ్ళకి ఇస్తా. అడిగేవాళ్ళని నువ్వు చూపించు."

అది న్యాయంగా అన్నాడో, వదిలించుకోవడానికి అన్నాడో ఆమెకి తేలలేదు. అంతకన్నా ఇక రాదని మాత్రం తేలిపోయింది. సరేనంది.

మరుసటి వారం నుంచి రోజూ పొద్దున పూట మిల్లు వసారాలో పీట వేసుకుని కూర్చుంది. ఒకే పట్టు పట్టిన బియ్యం ముందు చాటలో పోసి పెట్టుకునేది. నూకలకీ, తవుడుకీ వచ్చే ఆడవాళ్ళని పిలిచి చెప్పేది. ఇంట్లో కడుపుతో ఎవరున్నారు, కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయా, గంజి ఏం చేస్తారు అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు. మిల్లాయన భార్యకి మనవలు పోయి మతి చలించిందని ఒకామె బయటికి వెళ్తూ అనడం ఆమె చెవిన పడింది. ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళలో సగం మంది, మగవాళ్ళు తినడం లేదని, పురుగు పట్టిందని, మళ్ళీ రాలేదు. ఎండాకాలంలో నిజంగానే ఒక బస్తా పురుగు పట్టింది. సుబ్బరాయుడు దాన్ని ఆమె ఎదురుగానే గేదెకి పోయించాడు.

ఇంట్లో మనవరాలు గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంది. మిల్లు వసారాలో సీతారావమ్మ ముందు ఒక కొత్త మనిషి కూర్చుంది. ముక్త్యాల వైపు నుంచి వచ్చిన రైతు ఇల్లాలు, కూతురికి అయిదో నెలట. ఆమె చాటలో బియ్యం అరచేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇయ్యేంటమ్మా ఇట్లా ఉన్నాయి? తెల్లటియ్యి లేవా?"

పొద్దున్నించి ఆ మాట అడిగినవాళ్ళలో ఆమె ఆరో మనిషి. సీతారావమ్మకి విసుగుతో తల పగిలిపోతోంది. ఆమె చాట దగ్గరికి లాక్కుని, కూతురి కాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగింది.